రైలు కట్ట మీద 45 మైళ్లు: ఉత్తర వర్జీనియా డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్‌ని స్టేషన్ల లెక్కన ఆస్వాదించండి

హెర్న్‌డన్‌లోనో యాష్‌బర్న్‌లోనో కొత్తగా కాపురం పెట్టినవాళ్లకి త్వరలోనే ఒక అనుమానం వస్తుంది: ఆ హైటెన్షన్ స్తంభాల కింద తిన్నగా పోయే సన్న రోడ్డు ఏంటి, దాని మీద కార్లు ఎందుకు తిరగవు అని. అది పాత రైలు కట్ట. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ రైలుమార్గం 1968లో మూతపడింది, పట్టాలు పీకేశారు, తర్వాత ఆ కట్ట మీదే తారు పరిచి జనానికి వదిలారు. ఆర్లింగ్టన్‌లోని షర్లింగ్టన్ దగ్గర మొదలై లౌడన్ కౌంటీలోని పర్సెల్‌విల్ దాకా సుమారు 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు ఉంటుంది. అందరూ నోటివాటంగా డబ్ల్యూ అండ్ ఓడీ అంటారు.

ఇంటి వెనకే ఉంది కదా అని చాలామంది దీన్ని పార్కులా వాడతారు. గుమ్మం దిగి పది నిమిషాలు అటు, పది నిమిషాలు ఇటు నడిచి లోపలికి వచ్చేస్తారు. కొందరేమో సైకిల్ కొన్న మొదటి శనివారమే 45 మైళ్లూ తొక్కేస్తామని బయల్దేరి, లీస్‌బర్గ్ ఎక్కుడు దగ్గర నీరసించి ఊబర్ పిలుస్తారు. నేను చెప్పేది ఈ రెండిటికీ మధ్య పద్ధతి. దీన్ని రైలుమార్గంలానే వాడండి. ఒక స్టేషన్‌లో ఎక్కి ఇంకో స్టేషన్‌లో దిగండి. రైలువాళ్లు స్టేషన్ పెట్టిన చోటే ఊరు పెరిగింది కాబట్టి నీళ్లు, బాత్రూం, కాఫీ కొట్టు, కూర్చోడానికి నీడ ఇవాళ్టికీ అక్కడే దొరుకుతాయి. రెండు స్టేషన్ల మధ్య మాత్రం పెద్దగా ఏమీ ఉండదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ప్లానింగ్ సగం అయిపోయినట్టే.

మొదటి అడుగు: కట్ట స్వభావం తెలుసుకోండి

ఇనప చక్రం ఇనప పట్టా మీద జారినట్టు పోతుంది, పట్టు తక్కువ. అందుకే రైలు నిటారు ఎక్కుడు ఎక్కలేదు. కొండ అడ్డొస్తే చీల్చాలి, పల్లం అడ్డొస్తే మట్టి పోసి కట్ట లేపాలి. మామూలుగా నూరడుగుల దూరానికి రెండడుగుల ఎత్తు దాటకుండా చూస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, స్ట్రోలర్ తోసేవాళ్లకి, సైడ్ వీల్స్ తీసేసిన పిల్లలకి ఇలాంటి దారి సుఖంగా ఉండటానికి కారణం అదే.

అలాగని ఇది బల్లపరుపుగా ఉంటుందనుకోకండి. తూర్పు కొసన కొంత మేర తప్పిస్తే ఈ లైను వాగులకి సమాంతరంగా పోదు, వాటిని ఒక్కొక్కటిగా దాటుకుంటూ పడమటికి పోతుంది. వియన్నా దాటాక డిఫికల్ట్ రన్ వాగులోకి దిగి, మళ్లీ రెస్టన్ వైపు ఎక్కుతుంది. లీస్‌బర్గ్ నుంచి క్లార్క్స్ గ్యాప్ అనే కనుమ దాకా ఇంచుమించు మూడు నాలుగు మైళ్లు ఆపకుండా ఎక్కుడే. నడిచేవాళ్లకి తెలియను కూడా తెలియదు. సైకిల్ మీద ఉన్నవాళ్లకి మాత్రం తెలుస్తూనే ఉంటుంది: దారి చదునుగా కనిపిస్తుంది, తొడలు లాగుతుంటాయి, టైర్లో గాలి తగ్గిందేమోనని రెండుసార్లు దిగి చూసుకుంటారు. గాలి బాగానే ఉంటుంది. వాలు కంటికి ఆనదు, అంతే.

చరిత్ర కొంచెం చెప్పాలి, ఎందుకంటే దారి ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో దాన్లోనే ఉంది. 1840ల చివర్లో అలెగ్జాండ్రియా వ్యాపారులు పడమటి కొండల దాకా రైలు వేయాలని తలపెట్టారు. బ్లూ రిడ్జ్ కొండలు దాటి బొగ్గు గనులు చేరాలన్నది ఆశ. 1860కి లీస్‌బర్గ్ చేరారు, మరుసటి ఏడే అంతర్యుద్ధం మొదలైంది. తర్వాత ఎంత లాగినా 1900లో బ్లూ రిడ్జ్ కొండల అడుగున ఉన్న బ్లూమాంట్ దగ్గరే ఆగిపోయింది. బొగ్గు దొరకలేదు కానీ, ఎండాకాలం ఉక్క తట్టుకోలేని వాషింగ్టన్ జనం కొండ ఊళ్లకి పోవడానికి, పల్లెల పాలు పట్నానికి చేరడానికి పనికొచ్చింది. కొసన ఉన్న బ్లూమాంట్ ముక్కని 1939లో వదిలేశారు, 1951లో ప్రయాణికుల బళ్లు ఆపేశారు. ట్రైల్ పర్సెల్‌విల్‌లో ఆగడానికి కారణం ఇదే: చివరికి మిగిలిన రైలు అక్కడిదాకానే.

మూతపడ్డాక కరెంటు కంపెనీ ఈ స్థలం కొనుక్కుంది, స్తంభాలు అందుకే. ఉత్తర వర్జీనియా ప్రాంతీయ పార్కుల సంస్థ, ఇప్పటి పేరు నోవా పార్క్స్, 1974లో ఫాల్స్ చర్చ్ దగ్గర మొదటి ముక్క తెరిచింది. పర్సెల్‌విల్ చేరేసరికి 1988 అయింది.

రెండో అడుగు: మీ ముక్క ఎంచుకోండి

దారి పొడుగునా అర మైలుకో గుర్తు ఉంటుంది. లెక్క షర్లింగ్టన్‌లో సున్నాతో మొదలవుతుంది. ఈ అంకెలు గుర్తుంచుకుంటే మ్యాప్ అక్కర్లేదు: ఈస్ట్ ఫాల్స్ చర్చ్ మెట్రో దగ్గర 5, వియన్నా 12, రెస్టన్ 18, హెర్న్‌డన్ 20, యాష్‌బర్న్ 27, లీస్‌బర్గ్ 34, పర్సెల్‌విల్ 45కి కాస్త ముందు. ఇవన్నీ రమారమి అంకెలు.

*షర్లింగ్టన్ నుంచి ఈస్ట్ ఫాల్స్ చర్చ్.* ఫోర్ మైల్ రన్ వాగు పక్కనే పోతుంది, చెట్ల నీడ బావుంటుంది. బ్లూమాంట్ జంక్షన్‌లో పాత గార్డు పెట్టె ఒకటి నిలబెట్టారు. ఇక్కడి బ్లూమాంట్ వేరు, ఇందాక చెప్పిన కొండ ఊరు బ్లూమాంట్ వేరు. జీపీఎస్‌లో కొట్టేటప్పుడు చూసుకోండి, రెండిటికీ గంట దూరం. కస్టిస్ ట్రైల్ కూడా ఈ చుట్టుపక్కలే కలుస్తుంది, అది పట్టుకుంటే రాస్లిన్ మీదుగా డీసీలోకి పోవచ్చు.

*ఈస్ట్ ఫాల్స్ చర్చ్ నుంచి వియన్నా.* ఏడు మైళ్లు. వాషింగ్టన్ చుట్టూ తిరిగే బెల్ట్‌వే హైవే మీదుగా వంతెన దాటుతారు, కింద ట్రాఫిక్ ఆగిపోయి ఉంటే పైన పోయేవాళ్లకి అదో తృప్తి. ఫాల్స్ చర్చ్‌లో కొంత మేర నడిచేవాళ్లకి, సైకిళ్లకి విడివిడి దారులు వేశారు, పిల్లలతో వెళ్లేవాళ్లకి అది మేలు. వియన్నాలో దిగితే పాత స్టేషన్, ఇంకో గార్డు పెట్టె, పాతకాలపు ఫ్రీమన్ స్టోర్ అన్నీ నాలుగడుగుల్లో ఉంటాయి. స్టేషన్ లోపల బొమ్మ రైళ్ల అభిమానులు పెద్ద నమూనా రైలుమార్గం నడుపుతున్నారు. తెరిచి ఉన్న రోజు ముందే కనుక్కుని వెళితే పిల్లలు బయటికి రారు.

వియన్నాలో ఒక సంగతి చెప్పక తప్పదు. అంతర్యుద్ధంలో, 1861 జూన్ 17న ఉత్తరాది తరపు ఒహాయో సైనికులతో ఒక రైలు ఈ కట్ట మీదే వచ్చింది. ఇంజిన్ వెనకనుంచి పెట్టెల్ని నెడుతోంది, అంటే సైనికులున్న పెట్టెలే ముందు. మలుపు దగ్గర దక్షిణాది ఫిరంగులు కాచుకుని ఉన్నాయి. కాల్పులు మొదలవగానే ఇంజిన్ డ్రైవరు చాలా పెట్టెల్ని అక్కడే వదిలేసి, ఇంజిన్‌ని వెనక్కి తోలుకుపోయాడు. ప్రాణాలతో మిగిలినవాళ్లు అలెగ్జాండ్రియా వైపు కాలినడకన పోవాల్సొచ్చింది.

*వియన్నా నుంచి హెర్న్‌డన్.* నాకు అడిగితే కొత్తవాళ్లకి ఇదే మంచి ముక్క. మొదట అడవి, వాగు, లేళ్లు కనిపిస్తాయి. తర్వాత రెస్టన్ అద్దాల మేడలు, ఆఖర్న హెర్న్‌డన్ చిన్న ఊరి వాతావరణం. ఎనిమిది మైళ్లలో ఉత్తర వర్జీనియా ఎలా మారిందో మొత్తం కనిపిస్తుంది. హెర్న్‌డన్ డిపో, అంటే పాత రైలు స్టేషన్, ఊరి నడిమధ్యలోనే ఉంది, ఇప్పుడు మ్యూజియం. పక్కనే మూడో గార్డు పెట్టె, ఎర్ర రంగుది. 1857లో మునిగిపోయిన సెంట్రల్ అమెరికా ఓడతోపాటు ప్రాణం వదిలిన కెప్టెన్ విలియం లూయిస్ హెర్న్‌డన్ పేరే ఈ ఊరికి పెట్టారు. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊరికి ఓడ కెప్టెన్ పేరు!

*హెర్న్‌డన్ నుంచి యాష్‌బర్న్.* ఎండ ఎక్కువ, నీడ తక్కువ. స్తంభాల కింద చెట్లు పెరగనివ్వరు కదా. చుట్టూ డేటా సెంటర్లు, కిటికీల్లేని పెద్ద పెద్ద పెట్టెల్లా ఉంటాయి. మన ఐటీ వాళ్లు ఇక్కడికొచ్చి "మా సర్వర్ దీన్లోనే ఉందేమో" అని ఒక ఫోటో తీసుకుంటారు. అంతకుమించి చూసేది తక్కువ. యాష్‌బర్న్ దగ్గరపడ్డాక స్మిత్స్ స్విచ్ స్టేషన్ అనే ఆగుడు చోటు ఉంది, అక్కడ ఊపిరి పీల్చుకోండి.

*యాష్‌బర్న్ నుంచి లీస్‌బర్గ్.* గూస్ క్రీక్ మీద వంతెన ఈ ముక్కకి ప్రాణం. సైకిల్ దిగి వంతెన మధ్యలో నిలబడితే చాలా లోతున నీళ్లు, ఎండ పూట రాళ్ల మీద తాబేళ్లు కనిపిస్తాయి.

*లీస్‌బర్గ్ నుంచి పర్సెల్‌విల్.* పదకొండు మైళ్లు, అన్నిటికన్నా అందమైనది, అన్నిటికన్నా కష్టమైనది. కొండని చీల్చిన చోట రెండు పక్కలా మట్టి గోడలు లేస్తాయి, జులైలో కూడా అక్కడ చల్లగా ఉంటుంది. క్లార్క్స్ గ్యాప్‌లో రాతి కమాను వంతెన కిందుగా దూరిపోతారు. ఈ పక్క కొత్త కరెంటు లైను వేస్తామన్నప్పుడు స్థానికులు చెట్ల కోసం గట్టిగా పట్టుబట్టారు, కొంత మేర తీగలు భూమిలోనుంచి పోయాయి. ఆ నీడలో నడుస్తున్నప్పుడు వాళ్లకో నమస్కారం పెట్టుకోవచ్చు.

మూడో అడుగు: వెళ్లడం, తిరిగి రావడం

కారులో వెళ్తే ఆపిన చోటికే తిరిగి రావాలి, అంటే దూరం రెట్టింపు. వియన్నా నుంచి హెర్న్‌డన్ వెళ్లొస్తే పదహారు మైళ్లు. నడిచేవాళ్లకి ఇది కుదిరే పని కాదు. అందుకని మెట్రో కలపండి. ఈస్ట్ ఫాల్స్ చర్చ్ స్టేషన్ ట్రైల్ పక్కనే ఉంది. 2014లో తెరిచిన వీలీ రెస్టన్ ఈస్ట్, 2022లో వచ్చిన రెస్టన్ టౌన్ సెంటర్ స్టేషన్లనుంచి ట్రైల్‌కి నడిచి పోవచ్చు. ఇవన్నీ సిల్వర్ లైన్ అనే మెట్రో మార్గం మీదే కాబట్టి, రెస్టన్‌లో మెట్రో ఎక్కి ఈస్ట్ ఫాల్స్ చర్చ్‌లో దిగి, సైకిల్ మీద తిరిగి రెస్టన్ రావచ్చు. 2019 నుంచి మెట్రోలో సైకిల్ ఏ వేళైనా ఎక్కించొచ్చు, రద్దీ వేళల నిషేధం ఎత్తేశారు. ఎస్కలేటర్ మీదికి మాత్రం సైకిల్ తీసుకెళ్లకూడదు, లిఫ్టులోనే వెళ్లాలి.

యాష్‌బర్న్ మెట్రో స్టేషన్ పేరు చూసి మోసపోకండి. అది టోల్ రోడ్డు మధ్యలో ఉంది, ట్రైల్‌కి బాగా దూరం.

సొంత సైకిల్ లేకపోతే ఆర్లింగ్టన్, ఫాల్స్ చర్చ్, రెస్టన్‌లలో క్యాపిటల్ బైక్‌షేర్ అద్దె సైకిళ్ల స్టాండ్లున్నాయి. ఎక్కడ దిగుతారో అక్కడ స్టాండు ఉందో లేదో యాప్‌లో ముందే చూసుకోండి.

నాలుగో అడుగు: కుడి, ఎడమ

ఈ మొత్తంలో ఒక్క భాగమే చదవాలనుకుంటే ఇది చదవండి.

ఇక్కడ కుడి పక్కన నడవాలి. మనకి పుట్టిన దగ్గర్నుంచి ఎడమ పక్క అలవాటు, ధ్యాస తప్పితే కాళ్లు వాటంతట అవే ఎడమకి పోతాయి. వెనకనుంచి వచ్చే సైకిల్ అతను "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరుస్తాడు, లేకపోతే గంట కొడతాడు. మీ ఎడమ పక్కనుంచి దాటిపోతున్నాను, మీరు కుడి పక్కనే ఉండండి అని దానర్థం. కొత్తవాళ్లకి చెవిన పడేది "లెఫ్ట్" ఒక్కటే. ఎడమకి జరగమంటున్నాడనుకుని చటుక్కున సైకిల్‌కి అడ్డం పోతారు. ఇండియానుంచి వచ్చిన పెద్దవాళ్లకి మొదటి రోజే ఇంట్లో ఒకసారి చెప్పి, హాల్లో ఒకసారి చేయించండి: కేక వినపడగానే కుడి పక్కకి ఒక అడుగు, వెనక్కి తిరగొద్దు, ఆగొద్దు. నవ్వులాటగా ఉంటుంది కానీ బాగా పనిచేస్తుంది.

నలుగురు కలిస్తే వరసగా చేతులు పట్టుకుని అడ్డంగా నడవడం మనవాళ్ల అలవాటు. దారి వెడల్పు పది అడుగులే. ఇద్దరికన్నా ఎక్కువ పక్కపక్కన వద్దు. ఆగి మాట్లాడుకోవాలంటే తారు దిగి గడ్డిలోకి రండి. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటే వెనక కేక వినపడదు. కుక్కతో వెళ్తే తాడు పొట్టిగా పట్టుకోండి.

సైకిల్ మీద మీరుంటే నడిచేవాళ్లకి దారి మీరే ఇవ్వాలి. వియన్నా నుంచి పర్సెల్‌విల్ దాకా పక్కనే 32 మైళ్ల గులకరాళ్ల దారి ఉంది, అది గుర్రాల కోసం. గుర్రం ఎదురైతే అందరూ దానికి దారివ్వాల్సిందే. వెనకనుంచి వస్తే గంట కొట్టకండి, బెదురుతుంది. మామూలు గొంతుతో పలకరించి మెల్లగా దాటండి. తారు మీద మోకాళ్లు నొప్పి పుట్టేవాళ్లు ఈ గులకరాళ్ల దారి మీద నడిచి చూడండి, కాలికి మెత్తగా ఉంటుంది.

రోడ్లు దాటే చోట్ల జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. రైలు ఉన్న రోజుల్లో గేటు పడితే బళ్లే ఆగేవి. ఇప్పుడు స్టాప్ బోర్డు మన వైపు ఉంటుంది. ఒక వరసలో కారు ఆగింది కదా అని అడుగేయకండి, పక్క వరస కారు డ్రైవరుకి మీరు కనపడరు. అతని కళ్లలోకి చూసి, అతను మిమ్మల్ని చూశాడని తెలిశాకే దాటండి.

ఐదో అడుగు: వేళ, సరంజామా

ఏప్రిల్‌లో రెడ్‌బడ్ చెట్లు గులాబీ రంగులో పూస్తాయి. అక్టోబర్ రెండో సగంలో ఆకులు రంగు మారతాయి, పడమటి ముక్క అప్పుడే చూడాలి. జులై, ఆగస్టుల్లో ఉక్క విజయవాడని గుర్తు చేస్తుంది, ఉదయం ఎనిమిది లోపు ముగించండి. జూన్‌లో పొద్దు రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది, డిసెంబర్‌లో ఐదు కాకుండానే చీకటి. దారిలో చాలా చోట్ల దీపాలుండవు, లైటు లేకుండా సాయంత్రం సైకిల్ తీయకండి.

మామూలు హైబ్రిడ్ సైకిల్ చాలు. హెల్మెట్, పంచరు సామాను, మనిషికి రెండు సీసాల నీళ్లు పెట్టుకోండి. చలికాలంలో దారిలో కొళాయిలు కట్టేస్తారు, అప్పుడు ఇంటినుంచి తెచ్చుకున్నవే గతి. పులిహోర డబ్బా ఒకటి ఉంటే ఇంకేం అక్కర్లేదు. పెరుగన్నం మాత్రం ఎండలో నమ్మొద్దు.

దారి పక్కన మూడేసి ఆకుల గుత్తులతో పాకే తీగ పాయిజన్ ఐవీ. తగిలితే వారాల తరబడి దద్దుర్లు. పిల్లలకి ఇదే మొదట చూపించండి. పొడుగు గడ్డిలోకి దిగితే ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చెవుల వెనక, నడుము దగ్గర పిడుదుపురుగులున్నాయేమో చూసుకోవాలి, లైమ్ జ్వరం వాటితోనే వస్తుంది.

ఆరో అడుగు: అమ్మానాన్నలొస్తే

విజిటర్ వీసా మీద ఆర్నెల్లకి వచ్చిన పెద్దవాళ్లకి కారు ఉండదు, పగలంతా పిల్లలు ఆఫీసులో ఉంటారు. వాళ్ల చేతిలో ఉన్న ఒకే ఒక్క స్వేచ్ఛ ఈ దారి. రెస్టన్, హెర్న్‌డన్ దగ్గర సాయంత్రం నడిస్తే "మీదే ఊరండీ?" అన్న మాట వినపడుతుంది, ఆ తర్వాత వాళ్లే స్నేహితులైపోతారు.

మొదటి రెండు రోజులు మీరు వెంట వెళ్లండి. ఇంటి దగ్గరున్న మైలు గుర్తు అంకె కంఠతా పట్టించండి. "నాన్నా, 18లో ఎక్కుతారు, 19 కనపడగానే వెనక్కి తిరగండి" అంటే ఆయనకి ఫోన్‌లో మ్యాప్ చూడాల్సిన పని లేదు, వెళ్లొస్తే మూడు కిలోమీటర్లకి పైనే. దారి తప్పినా, పడినా ఫోన్‌లో ఆ అంకె చెబితే చాలు. 911కి కూడా అంతే: డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్, ఫలానా మైలు. ఇంటి అడ్రసు, మీ నంబరు, ఇన్సూరెన్స్ వివరాలు రాసిన కాగితం జేబులో పెట్టండి. చెప్పులతో కాకుండా బూట్లతో పంపండి. అమ్మ ఒప్పుకోదు, చీర మీదికి బాగోదంటుంది. అయినా ఒప్పించండి.

ఏడో అడుగు: మొత్తం తొక్కాలనుకుంటే

అన్ని ముక్కలూ విడివిడిగా చూశాకే దీనికి దిగండి. పర్సెల్‌విల్‌లో మొదలుపెట్టండి. పడమర ఎత్తు, తూర్పు పల్లం కాబట్టి మొత్తమ్మీద దిగుడే, క్లార్క్స్ గ్యాప్ దాకా చిన్న ఎక్కుడు, మధ్యలో వాగుల దగ్గర కొన్ని. పొద్దున్నే ఎవరైనా కారులో దించితే మేలు. పాత స్టేషన్ ముందే మొదలు, 1904 నాటి చెక్క కట్టడం. లీస్‌బర్గ్‌లో టిఫిన్, హెర్న్‌డన్‌లో భోజనం, వియన్నాలో కాఫీ అనుకుంటే సరిగ్గా స్టేషన్ల లెక్కే. అలవాటున్నవాళ్లకి తొక్కుడే నాలుగైదు గంటలు, ఆగుళ్లతో రోజంతా పడుతుంది.

ఓపిక అయిపోతే రెస్టన్‌లోనో ఈస్ట్ ఫాల్స్ చర్చ్‌లోనో సైకిల్‌తో మెట్రో ఎక్కేయండి. రెస్టన్‌కి పడమట మెట్రో దగ్గర్లో లేదు కాబట్టి అక్కడిదాకా మాత్రం కారు పిలిస్తే వచ్చే మనిషిని ఒకర్ని ముందే మాట్లాడి పెట్టుకోండి, సైకిల్ పట్టే కారు ఉన్నవాళ్లైతే మరీ మంచిది.